దక్షిణ వాకిలి మూసిన ఇల్లు

నేను ఏం చేసేదాన్ని

మాంచెస్టర్‌లో చదువుకుంటున్న ఒక అమ్మాయి నా ఉద్యోగం గురించి రాయమని అడిగింది. పాత కట్టడాల పరిరక్షణలో మాస్టర్స్ చేస్తోందట. "ఆంటీ, ఈ జాబ్‌లో గ్రోత్ ఎట్లా ఉంటుంది?" అంది. గ్రోత్ సంగతి నాకు తెలియదు తల్లీ అన్నాను. చేరినప్పుడు కూర్చున్న కుర్చీలోంచే రిటైరై లేచి వచ్చాను. ఆ కుర్చీలో ఇన్నేళ్ళు కూర్చుంటే మనిషికి ఏమవుతుందో మాత్రం చెప్పగలను. అదే రాస్తున్నాను, నచ్చితే చదవండి.

మాంచెస్టర్ నుంచి రైల్లో కాస్త దూరం వెళితే వచ్చే ఒక పాత మిల్లుల ఊళ్ళో, మన మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్ ఆఫీసులో నేను కన్జర్వేషన్ ఆఫీసర్‌ని. ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయేవాళ్ళంతా ఇంకా బతికే ఉన్నారు. ఈ దేశంలో కొన్ని ఇళ్ళకు చరిత్ర ఉందని జాబితాలో చేరుస్తారు. లిస్టెడ్ ఇళ్ళంటారు. ఇల్లు మీదే, అప్పు మీదే, కప్పు కారితే తడిసేదీ మీరే. కానీ కిటికీ మార్చాలన్నా, పొగగొట్టం తీసెయ్యాలన్నా, తలుపు జరపాలన్నా కౌన్సిల్‌ని అడగాలి. అడిగితే వచ్చి చూసి, ఔననో కాదనో రాసేదాన్ని నేను. ఎక్కువసార్లు కాదనే రాసేదాన్ని.

కాదనే మనిషిని ఎవరు ఇష్టపడతారు? సూపర్‌మార్కెట్‌లో నన్ను చూస్తే పక్క వరుసలోకి తప్పుకునేవాళ్ళు. మనవాళ్ళతో మరో రకం తంటా. ఉగాదికి ఏదో బడి హాలు అద్దెకు తీసుకుని చేసే ఫంక్షన్‌కి వెళ్ళేదాన్ని. అక్కడ సగం మంది డాక్టర్లు, సగం మంది ఐటీ.

"మీరేం చేస్తారండీ?"

"పాత ఇళ్ళు చూస్తానండీ."

"ఓహో, రియల్ ఎస్టేటా! ఇప్పుడు రేట్లెట్లా ఉన్నాయి?"

కాదని వివరించబోతే, పులిహోర ప్లేటు పట్టుకుని మెల్లగా జారుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి నేనూ వివరించడం మానేసి, "ఆఁ, రేట్లు బాగా పెరిగాయండీ" అనడం మొదలుపెట్టాను. పీడా పోయింది.

డెరెక్

నాకు పని నేర్పినవాడు మా పైఅధికారి డెరెక్. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేవాడు. అవసరమైతే తప్ప మాట్లాడడు, అవసరం ఎప్పుడోగానీ రాదు. మొదటివారం నన్ను వెంటబెట్టుకుని ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. నేను గుమ్మంలోనే ఫైలు తెరిచాను. బయటికొచ్చాక కారులో అన్నాడు: "కామ్, వాళ్ళు టీకి కెటిల్ పెట్టేదాకా ఫైలు తియ్యకు. నువ్వు చూడ్డానికొచ్చింది ఇంటిని. అందులో వాళ్ళూ ఉన్నారు." కామేశ్వరి అన్న పేరు అతని నోట్లో కామ్ అయి కూర్చుంది, రిటైరయ్యేదాకా అదే.

డెరెక్‌కి మరో సూత్రం ఉండేది. ఈ ఊళ్ళో ఎవరింట్లోనైనా భోంచెయ్యి, లిస్టెడ్ ఇంట్లో మాత్రం వద్దు అనేవాడు. ఎప్పటికైనా వాళ్ళకి కాదని చెప్పాల్సి వస్తుందట. ఆ ఊళ్ళో చూడదగ్గ ఇళ్ళన్నీ లిస్టెడ్ ఇళ్ళే. ఇంకెక్కడ తింటాం? ఆయన రోజూ తన కారులో ఒంటరిగా కూర్చుని శాండ్‌విచ్ తినేవాడు. ఎంత పీనాసి మనిషో అనుకున్నాను. అది పీనాసితనం కాదని తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

రూలు సరైనదే. కానీ రూలు చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఈ ముక్క నాకు జోన్ అనే ముసలావిడ నేర్పింది. పైకీ కిందికీ జారే పాత చెక్క కిటికీలు ఆవిడవి. చలిగాలి ఈలవేస్తూ లోపలికొస్తుంది. ప్లాస్టిక్ కిటికీలు పెట్టుకుంటానంటే మేం కాదన్నాం. ఆ మాట చెప్పడానికి వెళితే, ఆవిడ కిటికీ పక్కన కుర్చీ చూపించి, "అయితే వచ్చి ఇక్కడ కూర్చో అమ్మా, నాతోపాటు" అంది. కూర్చున్నాను. కాసేపటికి నా చెవులు గడ్డకట్టాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళి, కిటికీ లోపలివైపు రెండో గాజు బిగించుకునే పద్ధతి చూపించాను. పాతది పాతగా ఉంటుంది, గాలి ఆగుతుంది. కాదనే ముందు వాళ్ళ కుర్చీలో కాసేపు కూర్చోండి. కూర్చున్న తర్వాత కూడా కాదనాల్సి రావచ్చు, ఆ సంగతికే వస్తున్నాను.

సుజాత

మా ఆయన పోయాక నేను ఒక చెప్పుల దుకాణం మీది ఫ్లాట్‌లో ఉండేదాన్ని. పిల్లల్లేరు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు తలుపు మూస్తే, సోమవారం దాకా నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే. అది కూడా ఇంగ్లీషే. తెలుగు మాట్లాడాలనిపించి వంకాయలు తరుగుతూ నాతో నేనే మాట్లాడుకున్న రోజులున్నాయి. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

అలాంటి రోజుల్లో ఆఫీసు కౌంటర్ దగ్గర ఒకమ్మాయి వంటింటి ఫ్యాన్ బిగించుకోవడానికి అనుమతి అడుగుతోంది. ఇంగ్లీషు మధ్యలో "అబ్బ, వీళ్ళకి పోపు ఘాటు ఎట్టా చెప్పేది" అని తనలో తను గొణుక్కుంది. ఆ "ఎట్టా" వినగానే నా ప్రాణం లేచొచ్చింది. మాది బాపట్ల. "నాకు చెప్పమ్మా" అన్నాను. ఆ పిల్ల నోరెళ్ళబెట్టి, కౌంటర్ మీదుగా నా రెండు చేతులూ పట్టుకుంది.

సుజాతది నరసరావుపేట. భర్త మురళి ఆస్పత్రిలో డాక్టరు. డ్యూటీ ఎట్లా పడితే అట్లా వెళ్ళి వస్తూ, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతూ ఉండేవాడు. మంచివాడే. ఊళ్ళోకెల్లా అందమైన వీధిలో రాతి ఇల్లు కొన్నారు. నల్లటి బరువైన తలుపు, దాని పైన విసనకర్రలా విప్పుకున్న పాత గాజు, అరిగిన రాతి మెట్టు. ఆ వీధి మొత్తం లిస్టెడ్. డెరెక్ సూత్రం నాకు గుర్తులేక కాదు. సుజాత శనివారం భోజనానికి రమ్మంది, నేను వెళ్ళాను.

తర్వాత ప్రతి శనివారం వెళ్ళాను. మాంచెస్టర్ దుకాణంలో దొరికిన కరివేపాకో, గోంగూరో పట్టుకెళ్ళేదాన్ని. సుజాత ముద్దపప్పు చేసేది. ఇద్దరం వంటింట్లో నిలబడే తినేవాళ్ళం, మాట్లాడుతూ. నవ్వి నవ్వి నాకు పొలమారేది. "అక్కా, నెమ్మది, కౌన్సిల్‌కి ఉన్న ఒక్క తెలుగు మనిషీ పోతుంది" అని నెత్తి మీద తట్టేది. ఇన్నేళ్ళ ఈ దేశపు బతుకులో నేను సంతోషంగా ఉన్నది ఆ వంటింట్లోనే.

సుజాతకి రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చాక నా ఒళ్ళో తల పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా పడుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తర్వాత కొన్నాళ్ళకి మురళివాళ్ళ అమ్మ ఇండియాలో ఒక వాస్తు సిద్ధాంతిని పట్టుకుంది. ఆయన వీడియో కాల్‌లో ఇల్లంతా చూసి, దక్షిణ సింహద్వారం ఉన్నంతకాలం ఈ ఇంట్లో సంతానం నిలవదని తేల్చేశాడు. ఆ తలుపు మూసేసి తూర్పు గోడకి వాకిలి తియ్యమన్నాడు.

"అక్కా, ముందు తలుపు మూసేస్తే మీవాళ్ళేమన్నా అంటారా?" అని సుజాత అడిగింది.

"అంటారు. అందరికంటే ముందు నేనే అంటాను."

ఫక్కున నవ్వింది. నేను నవ్వలేదు. ఆ తలుపుకి తాళం వేసి, వెనకవైపు ఉత్తరం వాకిలి వాడుకోండి, ఉత్తరం మంచిదే కదా, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు అని వివరంగా చెప్పాను. బాగుందంది. అత్తగారికి ఫోన్ చేసి చెబుతానంది. అత్తగారు ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. తాళం వేసినా తలుపు తలుపేనట, ఉండకూడదట.

ఆ శనివారం

మే నెలాఖరు బ్యాంక్ హాలిడే వారాంతం, సోమవారం కూడా సెలవే. కౌన్సిల్ ఆఫీసులన్నీ మూసి ఉంటాయి కాబట్టి, అనుమతి లేని పనులన్నీ ఈ దేశంలో అప్పుడే జరుగుతాయి. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఆ సంగతి తెలిసిన నేను కూడా, సంచిలో ములక్కాడలు పెట్టుకుని హాయిగా నడుచుకుంటూ ఆ వీధిలోకి తిరిగాను.

ఇంటి ముందు రోడ్డు మీద పెద్ద ఇనప చెత్తతొట్టి. అందులో రాతి ముక్కలు, వాటి మీద ఆ నల్ల తలుపు. తలుపు పైనుండే గాజు సగం పగిలి పక్కకి వాలి ఉంది. తలుపు ఉన్నచోట కొత్త ఇటుక గోడ, ఇంకా తడి ఆరలేదు.

"అక్కా! అటు కాదు, ఇటు! ఇటు రండి!"

తూర్పువైపు సందులోంచి సుజాత పిలుస్తోంది. గోడకి కొత్తగా కన్నం కొట్టి, గుమ్మం నిలబెట్టారు. గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టింది. లండన్‌లో వెంబ్లీ నుంచి తెప్పించిన ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కట్టింది. సుజాత ముఖం వెలిగిపోతోంది. అంత ఆనందంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఇదేంటే సుజాతా?"

"మీరు కుడికాలు పెట్టి రండి ముందు. మొదట మీరే రావాలని ఎవర్నీ రానివ్వకుండా ఆపాను."

"అనుమతి ఏదీ? అడిగారా?"

"మీరుండగా ఎవర్నడగాలక్కా?" అంది, తేలిగ్గా. మురళి వెనక నుంచి వచ్చాడు. "బిల్డర్ కొంచెం భయపడ్డాడక్కా. మా అక్క కౌన్సిల్‌లోనే, ఏం ఫర్లేదని చెప్పాను."

చూశారా, ఇదీ మన పద్ధతి. ఇది లంచం కాదు, మోసమూ కాదు. వాళ్ళ మనసులో అది ప్రేమ. మనవాళ్ళు ఆఫీసులో ఉన్నారంటే ఇక ఆఫీసు ఎందుకు? మనమనిషి మన తలుపుకి అడ్డుపడుతుందన్న ఊహే వాళ్ళకి రాలేదు. నేను కాదంటానని చెప్పింది కూడా ముద్దుగా అన్నాననుకున్నారు.

నేను ఆ గడప దాటలేదు. ములక్కాడల సంచి దాని చేతికిచ్చాను. "సుజాతా, మంగళవారం ఆఫీసు తెరవగానే ఇది నేను చెప్పాలి. ఆ తొట్టిలో వస్తువులు ఒక్కటి కూడా బయటికి పోనివ్వకండి. అవి ఉంటే మీకే మంచిది" అన్నాను. దాని ముఖంలో వెలుగు ఆరిపోవడం ఎదురుగా నిలబడి చూశాను.

"మీరు చూడలేదనుకోండక్కా. ఈ వారం రాలేదనుకోండి."

"వచ్చాను కదే."

సున్నం

మంగళవారం డెరెక్ ముందు కూర్చుని అంతా చెప్పాను, ప్రతి శనివారం అక్కడే తిన్నానని కూడా. అతను మందలించలేదు. "ఇక ఈ కేసు నాది. నువ్వు వాళ్ళతో దీని గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు" అన్నాడు. లిస్టెడ్ ఇంటిని అడక్కుండా పగలగొట్టడం ఇక్కడ నేరం, కోర్టుకే వెళ్ళొచ్చు. డెరెక్ కోర్టు దాకా లాగలేదు. తూర్పు గోడ కన్నం మూసి, తలుపు యథాస్థానంలో పెట్టాలని నోటీసు తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. ఉత్తరాలు, కొలతలు, వాళ్ళ ఆర్కిటెక్టు అభ్యంతరాలు, వీటితో వేసవి గడిచిపోయింది. నా శనివారాలు మళ్ళీ రేడియోకి వెళ్ళిపోయాయి.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం నా ఫ్లాట్ బెల్ మోగింది. సుజాత. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నెల తప్పానక్కా. రెండో నెల."

నాకు దాన్ని గట్టిగా పట్టుకోవాలనిపించింది. చెయ్యి చాచాను, వెనక్కి జరిగింది.

"చలికాలం రాకముందే తలుపు మార్చాలని ఆ తెల్లాయన మా ఆర్కిటెక్టుతో అన్నాడంట. కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో సుత్తి దెబ్బ పడకూడదు. మీకు తెలవదా? మీదీ మా వైపే కదా. పురుడొచ్చేదాకా ఆపించండి. ఆ తర్వాత తలుపు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టుకుంటాం. ఈ ఒక్కదాన్ని నిలబడనివ్వండక్కా."

ఆ నమ్మకం నాకు లేదు. దక్షిణం వాకిళ్ళున్న ఇళ్ళలో పిల్లలు పుట్టి పెరగడం కావలసినంత చూశాను. కానీ ఆ మూడోది కూడా పోతే, ఆ సుత్తి దెబ్బ జీవితాంతం దాని చెవుల్లో మోగుతుంది. అది నాకు తెలుసు. "నేను ఈ కేసులో లేనమ్మా, దీని గురించి మాట్లాడకూడదు" అన్నాను. అంతకంటే ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. అది మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే డెరెక్ గదికి వెళ్ళాను.

"నోటీసులో గడువు ఎప్పటిదాకా రాస్తున్నావు?"

"నవంబరు."

"ఆ రాతిపని సున్నంతో చెయ్యాలి కదా, సిమెంటుతో కాదు." మా వైపు గానుగ సున్నం అనేవాళ్ళు, ఇక్కడి పాత ఇళ్ళన్నీ ఆ జాతి గచ్చుతో కట్టినవే. "సున్నం మెల్లగా గట్టిపడుతుంది. వాళ్ళు మొదలుపెట్టేసరికి మంచు పడుతుంది. గడ్డకట్టిందంటే పొడిపొడిగా రాలిపోతుంది. ఎండలు వచ్చేదాకా ఆ పని చెయ్యనివ్వకూడదు."

డెరెక్ కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. "ఇంకేదైనా కారణం ఉందా?"

నేను నోరు తెరిచాను. అతను చెయ్యి ఎత్తి ఆపాడు. "వద్దు, చెప్పకు. సున్నం చాలు. నాకే తట్టి ఉండాల్సింది." గడువు వచ్చే వేసవి దాకా జరిపాడు. నేను చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఈ ఉద్యోగంలో దయ చూపించాలంటే దానికి సరైన కారణం వెతుక్కోవాలి, వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. దొరకనప్పుడు మాత్రం అబద్ధం ఆడకండి.

గడువు నా మూలంగా పెరిగిందని సుజాతకి తెలియదు. కేసు నడుస్తుండగా చెప్పకూడదు. ఆ ఉగాది ఫంక్షన్‌కి వెళితే, ఎవరో ఆవిడ నా పక్కన చేరి చెవిన వేసింది: "ఆ తెల్లాయనకున్న పాటి జాలి మా తెలుగామెకి లేకపోయిందని సుజాత ఒకటే బాధపడుతోందండీ." పులిహోర ప్లేటు అక్కడే పెట్టేసి వచ్చి బస్సెక్కాను. ఆ ఫంక్షన్లకి మళ్ళీ వెళ్ళలేదు.

తనిఖీ

వసంతంలో సుజాతకి కాన్పయిందని కబురు తెలిసింది, అదీ ఆఫీసులో, వాళ్ళ ఆర్కిటెక్టు ద్వారా. బాత్రూంలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుని తనివితీరా ఏడ్చాను. సంతోషమే. ఆ సంతోషం చెప్పుకోవడానికి మనిషి లేకపోయింది, అదొక్కటే లోటు.

వేసవిలో పని పూర్తయింది. డెరెక్ నన్ను రమ్మన్నాడు. "సంతకం నేను చేస్తాను. గాజు పని నాకంటే నీకు బాగా తెలుసు, చూసి చెప్పు." వెళ్ళాం. నల్ల తలుపు తన చోట తను నిలబడి ఉంది. పగిలిన గాజు ముక్కలు తీసి, మంచి పనివాడి చేత సీసం అంచులతో అతికించారు. సున్నం చక్కగా పట్టింది. వేలితో నొక్కి చూశాను, గోరంత కూడా రాలలేదు.

సుజాత తలుపు తీసింది. భుజం మీద పాప నిద్రపోతోంది, ఒత్తుగా జుట్టు. డెరెక్ తూర్పు గోడ చూసొస్తానని సందులోకి వెళ్ళాడు. మేమిద్దరమే మిగిలాం.

"పాపా, బాబా?" అన్నాను తెలుగులో.

"గర్ల్," అంది ఇంగ్లీషులో.

ఎన్ని శనివారాలో ఆ వంటింట్లో గడిపాం, మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఇంగ్లీషు లేదు. నేను మళ్ళీ తెలుగులోనే అడిగాను. "పేరేం పెట్టారే?"

దానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆఫీసువాళ్ళతో మాట్లాడే ఇంగ్లీషులో, మర్యాదగా అడిగింది: "అది మీ రిపోర్టుకి అవసరమా?"

గడువు సంగతి అప్పుడు చెప్పేయొచ్చు. కేసు అయిపోయింది. చెబితే కరిగేదేమో కూడా. కానీ దాని భుజం మీద పాప నిద్రపోతుంటే, నా వల్లే నీకు ఈ పిల్ల దక్కిందన్నట్టు మాట్లాడాలా? రిపోర్టుకి అవసరం లేదన్నాను. డెరెక్ వచ్చి సంతకం చేశాడు. కారులో తన శాండ్‌విచ్ సగం తుంచి నా చేతిలో పెట్టాడు.

ఇక మీ ఇష్టం

తప్పు చేశానా అని అడుగుతారు. చెయ్యలేదు. రేపు మళ్ళీ అదే శనివారం వస్తే, మళ్ళీ అదే చెబుతాను. మనవాళ్ళని చూసీచూడనట్టు వదిలేసి జోన్‌లాంటివాళ్ళని చలిలో కూర్చోబెట్టే హక్కు నాకు లేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు సున్నం గురించి, రాయి గురించి, గాజు గురించి ఎలాగూ నేర్చుకుంటారు. ఇంటికొచ్చాక ఎవరితో మాట్లాడతారో అది కూడా ముందే చూసుకోండి. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు.

సుజాతావాళ్ళు ఆ ఇల్లు అమ్మేసి లండన్ పక్కనుండే హౌన్స్‌లో అనే చోటికి వెళ్ళిపోయారు. కొత్త ఇల్లట, తూర్పు వాకిలట, సంతోషం. పోయిన వారం ఆ వీధిలో నడుస్తూ వాళ్ళ పాత ఇంటి ఎదురుగా కాసేపు ఆగాను. ఎవరో కుర్ర దంపతులు ఉంటున్నారు. తలుపు చెక్కు చెదరకుండా ఉంది. నేను పోయాక కూడా చాలా కాలం ఉంటుంది. ఆ పాప ఈపాటికి బడికి వెళుతూ ఉంటుంది. తెలుగు అర్థమవుతుందో, ఇంగ్లీషులోనే జవాబు చెబుతుందో. ఇప్పుడు ఆ వీధిలో ఏ ఇల్లు ఎవరు కట్టారో, ఏ రాయి ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే చెప్పగలను. ఆ పిల్ల పేరు మాత్రం నాకు తెలియదు.